వేసవిలో ఎడారి, వానాకాలంలో వరిమడి: మహారాష్ట్రలోని చంద్రపూర్, గడ్చిరోలి, నాందేడ్ వైపు ఇళ్లకు కంకర వాకిలి వేసుకునే పద్ధతి

ఇంటి ముందు ఖాళీ జాగాలో కంకర పరిచి, రెండు మూడు పెద్ద రాళ్లు పెట్టి, నీళ్లు అడగని మొక్కలు నాలుగు నాటుకుంటే లాన్ బాధ తప్పుతుందని మన వైపు ఇప్పుడు చాలామంది ఆలోచిస్తున్నారు. మంచి ఆలోచనే. బల్లార్షా, రాజూరా, చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటడం ఏటా చూస్తున్నదే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక్కడ ఆ మాట అనడానికి రోహిణి దాకా ఆగక్కర్లేదు. ఏప్రిల్‌లోనే బోర్లు గాలి కక్కుతుంటే గడ్డికి పూటపూటా నీళ్లు పట్టడం ఎవరి తరం?

చిక్కెక్కడొస్తుందంటే, ఫోన్లో మనం చూసే కంకర తోటలన్నీ నిజమైన ఎడారి ఊళ్లవి. అమెరికాలో ఫీనిక్స్ గానీ, మన జైసల్మేర్ గానీ తీసుకోండి, ఏడాదంతా కలిపి పడే వాన 200 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చంద్రపూర్‌లో 1200 దాకా పడుతుంది, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. అంటే మన వాకిలి నాలుగు నెలలు ఎడారి, ఇంకో నాలుగు నెలలు వరిమడి. ఎడారి ఊరి డిజైన్‌ని ఉన్నదున్నట్టు దింపుకుంటే మొదటి వేసవి బాగానే గడుస్తుంది. ఆగస్టు వచ్చేసరికి కంకర బురదలో కూరుకుపోతుంది, కాక్టస్‌లు మొదళ్ల దగ్గర కుళ్లిపోతాయి.

అందుకే మన దగ్గర పని వరస మారాలి. ముందు నీళ్ల దారి, తర్వాత నీడ, తర్వాత కంకర కింది అడుగు పొర. కంకర కొనడం వీటన్నిటి తర్వాతే. చాలా ఇళ్లలో ముందు ట్రాక్టర్ కంకర దింపించి, ఆ తర్వాత ఆలోచన మొదలుపెడతారు.

ఏ పని ఏ కాలంలో

ఏడాది మొత్తాన్ని లెక్కలోకి తీసుకోండి. మృగశిర కార్తెతో వానలు మొదలవగానే నీళ్లు ఎటు పోతున్నాయో చూసుకుని, జులైలో చెట్లు నాటేయాలి. దసరా, దీపావళి అయ్యాక నేల తవ్వడం, మొరం (గులకలు కలిసిన ఎర్రమట్టి) వేయడం. రేగడి నేల ఆ రోజుల్లో పూర్తిగా ఎండకుండా, మరీ జిగురుగా లేకుండా ఉంటుంది కాబట్టి పార దిగుతుంది, నేలను అణిచే దిమ్మిసతో కొడితే గట్టిపడుతుంది. చలికాలంలో కంకర పరిచి చిన్న మొక్కలు పెట్టుకోవచ్చు. మీరు ఇది చదివేది ఎండాకాలంలో అయితే కొలతలు తీసుకుని కాగితం మీద గీసుకోండి. మేలో నాటిన మొక్క బతకడం కష్టం, కూలీలకూ ఆ ఎండలో తవ్వకం పని ప్రాణాంతకం.

మొదటి అడుగు: ఒక పెద్ద వానను దగ్గరుండి చూడండి

గొడుగు పట్టుకుని వాకిట్లోకి వెళ్లండి. కప్పు మీది నీళ్లు ఏ మూల పడుతున్నాయి, వీధి నీళ్లు గేటు కింద నుంచి లోపలికొస్తున్నాయా, వాన తగ్గిన గంటకు కూడా ఎక్కడ నిలిచి ఉన్నాయి అన్నవి చూసి, ఆ చోట్ల మేకులు కొట్టి గుర్తు పెట్టుకోండి. ఈ ఒక్క పని సరిగా చేస్తే సగం డిజైన్ అయిపోయినట్టే.

నీళ్లు ఎంతొస్తాయో ఒక్కసారి లెక్క వేసుకుంటే దీని అవసరం అర్థమవుతుంది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల స్లాబ్ అంటే సుమారు 93 చదరపు మీటర్లు. ఒక రోజులో 50 మిల్లీమీటర్ల వాన మనకు వింతేమీ కాదు. అంటే ఆ ఒక్క రోజే స్లాబ్ మీద నుంచి దాదాపు 4,600 లీటర్లు, 200 లీటర్ల డ్రమ్ములైతే 23, మీ వాకిట్లోకి దిగుతాయి. వాకిట్లో నేరుగా పడే వాన దీనికి అదనం.

వాలు చూడటానికి మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపు చాలు. ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి 10 అడుగులకు సుమారు 2 అంగుళాల వాలు ఉండాలి. వాస్తు ప్రకారం నీళ్లు ఈశాన్యానికి పోవాలని పెద్దవాళ్లు పట్టుబడితే, ఆ మూలలో కాలువ ఉంటే నిశ్చింతగా అలాగే చేయండి. ఆ మూలన పక్కింటివాళ్ల గోడ ఉండి నీళ్లు దాని పునాదిలోకి పోయేటట్టయితే మాత్రం ఒప్పుకోకండి, ఆ తగాదా తరాలు నడుస్తుంది.

ఇదే రోజుల్లో నేల పరీక్ష కూడా చేయండి. అడుగు లోతు గుంత తీసి, నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపండి. రెండోసారి పోసినవి గంటా రెండు గంటల్లో ఇంకితే మొరం నేలో ఇసుక నేలో. తెల్లారేదాకా నిలిచే ఉంటే నల్లరేగడి. బిలోలి, దెగ్లూర్ వైపు రేగడి ఎక్కువ, కిన్వట్ గుట్టల కింద రాతి నేల, సిరొంచాలో గోదావరి, ప్రాణహిత ఒడ్డున ఒండ్రు. ఇవి పైపై మాటలే. ఒకే ఊళ్లో రెండు వీధులు దాటితే నేల మారిపోతుంది కాబట్టి మీ గుంత చెప్పిందే నమ్మండి.

రెండో అడుగు: ఎండిన వాగు తీయడం

కంకర వాకిలికి అందం తెచ్చేదీ, దాన్ని కాపాడేదీ ఇదే. కప్పు నీళ్లు పడే చోటు నుంచి బయటి కాలువ దాకా చిన్న వాగులా ఒక పల్లం తీసి, అందులో రాళ్లు పరుస్తారు. ఎండాకాలంలో అది చూడటానికి ఎండిన వాగు, వానాకాలంలో నిజంగా పారే వాగు.

వెడల్పు రెండు మూడు అడుగులు, నడుమ లోతు 8 నుంచి 12 అంగుళాలు చాలు. అంచులు నిటారుగా కాకుండా వాలుగా ఉండాలి, లేకపోతే రెండు వానలకే విరిగిపడతాయి. తిన్నగా గీత గీసినట్టు కాకుండా ఒకటి రెండు వంపులు తిప్పండి. కిన్వట్ అడవుల్లోనో, ఆలాపల్లి దారిలోనో ఏప్రిల్‌లో ఎండిన వాగు కనిపిస్తే ఒక్క నిమిషం ఆగి చూడండి. పెద్ద రాళ్లు వంపు బయటి వైపు ఉంటాయి, ఎందుకంటే నీళ్లు కొట్టేది అక్కడే. సన్న గులకరాళ్లు, ఇసుక లోపలి వైపు మేట వేస్తాయి. మీ వాకిట్లోనూ ఆ వరసే పాటిస్తే కంటికి సహజంగా ఉంటుంది, ఒడ్డూ కోసుకుపోదు.

అడుగున 4 నుంచి 8 అంగుళాల రాళ్లు పరిచి, వాటి సందుల్లో 40 ఎం.ఎం. కంకర నింపాలి. పెద్ద రాయి ఏది పెట్టినా మూడో వంతు నేలలోకి దిగేలా పాతండి. పైపైన పెట్టిన రాయి లారీలోంచి జారిపడ్డట్టు కనిపిస్తుంది. పాతిన రాయి ముందు నుంచీ అక్కడే ఉన్నట్టుంటుంది.

వాగు చివర ఇంకుడు గుంత పెట్టాలా అన్నది మీ నేలను బట్టి. మొరం నేలైతే తప్పకుండా పెట్టండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు గుంతలో ఖాళీగా ఉంటే వెయ్యి లీటర్లు పడతాయి. రాళ్లతో నింపాక సందుల్లో పట్టేది 350, 400 లీటర్లే. కాబట్టి ఒక్క గుంత వాన మొత్తాన్ని మింగేస్తుందని ఆశ పెట్టుకోకుండా, పొంగిన నీళ్లు బయటికి పోయే దారి ఉంచాలి. గుంతకు ముందు అడుగు చదరంలో చిన్న తొట్టి కట్టిస్తే ఆకులు, మట్టి అందులోనే ఆగుతాయి. ఏటా మృగశిరకు ముందు దాన్ని శుభ్రం చేసుకోవాలి.

రేగడి నేలలో లెక్క వేరు. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. పునాది పక్కన ఈ ఉబ్బడం, కుంగడం ఏటా జరిగితే గోడల్లో ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. అందుకని రేగడిలో ఇంకుడు గుంతను ఇంటికి కనీసం 15 అడుగుల దూరంలో పెట్టండి. అంత జాగా లేకపోతే గుంత వద్దు, వాగును నేరుగా కాలువలోకి కలిపేయండి.

మూడో అడుగు: నీడ

రాయి పగలంతా ఎండ తాగి రాత్రికి వేడి వదులుతుంది. పడమటి గోడకు ఆనించి కంకర పోస్తే ఆ గోడ వెనక గదిలో రాత్రి పదకొండింటికి కూడా కూలర్ ముందు కూర్చోవాల్సి వస్తుంది. చెట్టు లేకుండా వేసిన కంకర వాకిలి ఇంటిని చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. దీన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

పడమర, దక్షిణం గోడల వెంట మూడు అడుగులు కంకర లేకుండా మొక్కలకు వదలండి. పడమటి ఎండను ఆపడానికి గోడకు 12, 15 అడుగుల దూరంలో ఒక చెట్టు. నా ఓటు కానుగకు. చిక్కటి నీడ, ఎండాకాలంలోనే కొత్త చిగురు తొడుగుతుంది, కొద్ది రోజులు నీళ్లు నిలిచినా ఓర్చుకుంటుంది, అందుకే వాగుల ఒడ్డున అదే కనిపిస్తుంది. వేప కూడా మంచిదే, కాకపోతే పెద్దదవుతుంది కాబట్టి జాగా ఉన్నవాళ్లకు. రేల చెట్టు ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులతో కళ్లు చెదిరేలా పూస్తుంది గానీ నీడ పల్చన. చిన్న వాకిలికి సీతాఫలం చాలా నప్పుతుంది, మన వైపు రాళ్ల గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే కాస్తుంది.

చెట్టు నీడనివ్వడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అప్పటిదాకా వెదురుతో పందిరి కట్టించుకోండి. గడ్చిరోలి వైపు వెదురుకు కొదవ లేదు. పందిరి మీదికి రాధామనోహరం గానీ కాగితం పువ్వు గానీ పాకిస్తే రెండో ఏటికే నీడ అల్లుకుంటుంది.

నాలుగో అడుగు: మనుషులకు జాగా

బొమ్మల్లో కనిపించే కంకర తోటల్లో కళ్లాపి చల్లరు, ముగ్గు వేయరు. మనకు అది లేకుండా వాకిలే కాదు. 1956 దాకా రాజూరా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేవి, ఇప్పటికీ అక్కడి తెలుగిళ్లలో వాకిలి అలవాట్లు అవే. కంకర మీద ముగ్గు పడదు, చీపురు నడవదు, వడియాలు, మిరపకాయలు ఆరబోయడానికి కుదరదు. కాబట్టి గడప ముందు కనీసం ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు షాబాద్ బండలు పరిపించండి. తులసి కోట చుట్టూ ప్రదక్షిణకు ఒక మనిషి నడిచేంత బండల దారి. గేటు నుంచి గడప దాకా కూడా బండలే ఉండాలి, చెప్పుల్లేకుండా నడిచే ఇంట్లో ముసలివాళ్లకు, పిల్లలకు కంకర నరకం.

బైకు నిలిపే చోట ఒక బండ ముక్క వేయండి. లేకపోతే సైడ్ స్టాండ్ కంకరలో దిగబడి బండి పడిపోతుంది.

ఐదో అడుగు: అడుగు పొర

రాజూరాలో మా మేనత్త వాళ్ల వాకిట్లో నల్లరేగడి మీద నేరుగా కంకర పోయించారు. రెండు వానాకాలాలు గడిచాక పైన చూస్తే మట్టి, అక్కడక్కడ రాళ్లు. ఒక చోట గడ్డపారతో తవ్వి చూశాం. నాలుగు అంగుళాల కింద కంకర అంతా రేగడిలో ఇరుక్కుని జిగురుముద్దలా ఉంది, ఒక్కో రాయిని వేలితో గీకి తీయాల్సి వచ్చింది. "రాళ్లు యాడికి పోయినయ్ బిడ్డా అని రోజూ అనుకుంటి" అంది అత్త. వేసవిలో బీటల్లోకి రాళ్లు జారతాయి, వానకు నేల ఉబ్బి వాటిని పట్టేస్తుంది, మెత్తబడ్డ చోట మన కాళ్లు, బండ్లు మిగిలినవాటిని తొక్కేస్తాయి. ఏటా ఇంత చొప్పున మింగుతుంది.

అది ఆగాలంటే రేగడికీ కంకరకూ మధ్య అడ్డు ఉండాలి. మొత్తం జాగాను ఐదారు అంగుళాల లోతు తవ్వి తీయండి. వాలు ఇక్కడే సరిచేసుకోవాలి, పైన కంకరతో వాలు సర్దడం కుదరదు. గడ్డి వేళ్లు, ముఖ్యంగా తుంగ గడ్డలు, దొరికినన్ని ఏరేయండి. తవ్విన నేల మీద నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ), 150 నుంచి 200 జీఎస్ఎంది, అంటే చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువుది, అంచులు ఒకదాని మీద ఒకటి అడుగు చొప్పున ఎక్కేలా పరవాలి. దీనికి బదులు పాత ఫ్లెక్సీలు, ప్లాస్టిక్ షీట్లు వాడతారు. అవి నీళ్లను కిందికి పోనివ్వవు, పైన కంకరలో నీళ్లు నిలిచి దోమలు, నాచు తయారవుతాయి. రంధ్రాలు పెట్టినా లాభం ఉండదు.

గుడ్డ మీద మొరం, దిమ్మిస కొట్టాక మూడు అంగుళాలు నిలిచేలా. రెండు విడతలుగా వేసి, తడిపి, కొట్టాలి. చెప్పు మడమ నొక్కితే గుంత పడనంత గట్టిగా రావాలి. కారు నిలిపే చోటైతే ఈ పొర ఆరంగుళాలు, అడుగున 40 ఎం.ఎం. కంకర కలిపి. మీది మొరం నేలే అయితే అదృష్టవంతులు, పైన గడ్డి చెక్కి వాలు సరిచేసి దిమ్మిస కొడితే సరిపోతుంది, గుడ్డ కూడా అక్కర్లేదు.

తవ్వి తీసిన రేగడిని పారబోయకండి. మొక్కల దిబ్బలకు కావాలి.

అంచుల్లో ఇటుకలు నిలబెట్టో, షాబాద్ ముక్కలు పాతో కంకర బయటికి దొర్లకుండా కట్ట వేయాలి. కంకర కంటే అంగుళం ఎత్తు చాలు. ఎండిన వాగు వైపు ప్రతి మూడు నాలుగు అడుగులకు ఒక సందు వదిలితేనే నీళ్లు దానిలోకి దిగుతాయి.

ఆరో అడుగు: కంకర కొనడం

నడిచే చోట క్రషర్‌లో కొట్టిన కోణాల కంకర వాడాలి, 12 ఎం.ఎం. హాయిగా ఉంటుంది. దాని మూలలు ఒకదాన్నొకటి పట్టుకుని కదలవు. గుండ్రటి గులకరాళ్లు కాలి కింద జారతాయి, వాటిని వాగులోనో, తొక్కని మూలల్లోనో వేసుకోండి. 20 ఎం.ఎం. మొక్కల మధ్య బాగుంటుంది. 6 ఎం.ఎం. బేబీ చిప్స్ చెప్పులకు అంటుకుని ఇంట్లోకొస్తాయి, పిల్లులు దాన్ని మరుగుదొడ్డి చేసుకుంటాయి.

రంగు విషయంలో తెల్ల మార్బుల్ చిప్స్ మోజు చాలామందికి ఉంది. బొగ్గు గనులు, థర్మల్ ప్లాంటు, సిమెంట్ ఫ్యాక్టరీలు ఉన్న బల్లార్షా, చంద్రపూర్, గడ్‌చాందూర్ వైపు తెల్లరాయి తెల్లగా ఉండదు. పైగా మధ్యాహ్నం ఆ తెలుపు కళ్లలో పొడుస్తుంది. మరీ నల్లదీ వద్దు, కాలిపోతుంది. లేత గోధుమ, బూడిద రంగు, ఇసుకరాయి రంగుల్లో దుమ్మూ కనిపించదు, ఎండా అంత తగలదు.

లెక్క మన వైపు బ్రాస్‌లలో ఉంటుంది. బ్రాస్ అంటే 100 ఘనపు అడుగులు, సుమారు ఒక ట్రాక్టర్ ట్రాలీ. 20 అడుగులు, 30 అడుగుల వాకిలి అంటే 600 చదరపు అడుగులు. రెండంగుళాల మందాన కంకరకు సరిగ్గా ఒక బ్రాస్ పడుతుంది. మూడంగుళాల మొరానికి లెక్క ఒకటిన్నర బ్రాస్, దిమ్మిస కొడితే అణుగుతుంది కాబట్టి రెండు చెప్పండి. కంకర మందం రెండంగుళాలకు తగ్గితే కింద మొరం కనిపిస్తుంది, మూడు దాటితే ఇసుకలో నడిచినట్టు కాళ్లు లాగుతాయి.

వార్ధా, పెన్‌గంగ, ప్రాణహిత ఒడ్డు నుంచి రాళ్లు ఎత్తుకొచ్చే ట్రాక్టర్లు చవగ్గా దొరుకుతాయి. రాయల్టీ పావతి (రసీదు) లేకుండా కొనకండి. ఇలాంటి రాయి, ఇసుక (గౌణ ఖనిజాలు) అనుమతి లేకుండా తరలిస్తే రెవెన్యూ వాళ్లు బండి పట్టుకుంటారు. సిరొంచా వాళ్లకు ఇంకో మాట. వడదం దగ్గర రాతిగా మారిన చెట్ల మొద్దులు, డైనోసార్ శిలాజాలు దొరికాయి, అక్కడ ఫాసిల్ పార్కు ఉంది. మొద్దులా వయసు గీతలున్న వింత రాయి ఆ చుట్టుపక్కల కనిపిస్తే వాకిట్లో అలంకారానికి తెచ్చుకోకండి. అటవీశాఖ వాళ్లకు చెప్పండి. కోట్ల ఏళ్ల నాటి ఆ రాయి చదువుకునేవాళ్లకు ఉపయోగపడాలి.

ఏడో అడుగు: మొక్కలు

ఎడారి ఊళ్లలో మొక్కను పల్లంలో నాటుతారు, పడే నాలుగు చినుకులూ దాని మొదట్లోకి చేరాలని. మొరం నేల ఉన్నవాళ్లు అలా నాటుకోవచ్చు. రేగడిలో పల్లంలో నాటిన మునగ, బొప్పాయి ఆగస్టులో పండుబారి చచ్చిపోతాయి. కాబట్టి రేగడి వాళ్లు దిబ్బ మీద నాటండి. తవ్విన రేగడి ఒక పాలు, మొరం ఒక పాలు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు కలిపి, మూడు నాలుగు అడుగుల వెడల్పు, తొమ్మిది అంగుళాల నుంచి అడుగు ఎత్తు దిబ్బ వేయండి. వేసవి నీళ్లకు దిబ్బ మీద చిన్న పాదు, వానాకాలంలో ఆ పాదుకు ఒక వైపు గండి. చెట్టు మొదలుకు అడుగు దూరం వరకు కంకర రాకూడదు, అక్కడ ఎండుటాకులు పరిస్తే వేళ్లకు చల్లగా ఉంటుంది.

ఏ మొక్కలంటే, ముందు మన గుట్టల మీద, రోడ్ల పక్కన ఎవరూ చూడకపోయినా బతుకుతున్నవి. తంగేడు నా దృష్టిలో కంకర వాకిలికి రాణి. పశువులు పెద్దగా ముట్టవు, నీళ్లడగదు, పసుపు పూలు. దాని కింద గునుగు గింజలు చల్లండి, తొలకరికి మొలిచి కంకర సందుల్లోంచి లేస్తుంది. బతుకమ్మ పేర్చే ఇళ్లకు ఇంతకంటే ఏం కావాలి? భాద్రపద అమావాస్య నాటికి పూలు మీ వాకిట్లోనే ఉంటాయి, మార్కెట్లో వాడిపోయిన కట్టలు కొనక్కర్లేదు. రెండూ గింజలతో మొలిచేవే కాబట్టి ఖర్చు కూడా లేదు. కొమ్మల్ని పండగకు కోసుకున్నాక తంగేడు ఇంకా గుబురుగా చిగురిస్తుంది.

కంచె వెంట వావిలి. వాగు ఒడ్డున వట్టివేళ్ల గడ్డి, దాని వేళ్లు లోతుగా దిగి మట్టిని పట్టేస్తాయి, ఎండకూ వరదకూ రెండిటికీ ఆగుతుంది. బిళ్లగన్నేరు తనంతట తానే గింజ రాల్చి వ్యాపిస్తుంది. నేల మీద పాకడానికి గడ్డి గులాబీ. కలబంద, నిమ్మగడ్డి వంటింటి వైపు. కరివేపాకు, దానిమ్మ దిబ్బల మీద బాగా వస్తాయి. గన్నేరు ఎండకు బ్రహ్మాండంగా పూస్తుంది, కానీ మొక్కంతా విషమే. చిన్న పిల్లలున్న ఇంట్లో వద్దు, నరికిన కొమ్మల్ని ఆవులు తిరిగే చోట పడేయకండి.

ఇక కాక్టస్‌లు, వాటిలాంటి మొక్కలు. ఎడారి వాతావరణం కోసం అవి కావాలనిపించడం సహజం. నాగజెముడు, బొమ్మజెముడు మన వానల్ని తట్టుకుంటాయి. నర్సరీలో అమ్మే గుండ్రటి కాక్టస్‌లు, ఎడారి గులాబీ మాత్రం కుండీల్లోనే ఉంచి, కుండీని కంకరలో సగం దాకా దింపి పెట్టండి, నేలలో నాటినట్టే ఉంటుంది. జూన్‌లో కుండీతో సహా ఎత్తి చూరు కిందికి మార్చేయవచ్చు.

మొక్కల్ని ఒక్కొక్కటి వరసగా దూరదూరంగా నాటితే బడి ముందు కూచోబెట్టిన పిల్లల్లా బోసిగా ఉంటాయి. మూడేసి, ఐదేసి కలిపి గుంపుగా పెట్టి, మధ్యలో ఖాళీ వదలండి.

ఎనిమిదో అడుగు: మొదటి రెండు వేసవులు

నీళ్లడగని మొక్క కూడా వేళ్లు దిగేదాకా అడుగుతుంది. రోజూ చెంబెడు పోయడం కన్నా వారానికి రెండుసార్లు, నేల లోతుగా తడిసేలా సాయంత్రం పూట పోయండి. చెట్టు మొక్కకు ఒక్కోసారి 10, 15 లీటర్లు. డ్రిప్ పెట్టుకునేవాళ్లు గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు రెండు చొప్పున ఇస్తే సరి. డ్రిప్ లేనివాళ్లకు కుండ పద్ధతి ఉంది. పెయింట్ వేయని మట్టి కుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పాతి, నీళ్లు నింపి మూత పెట్టండి. కుండ గోడల్లోంచి నెమ్మదిగా ఊరిన నీళ్లను వేళ్లు తాగుతాయి. మూడు నాలుగు రోజులకోసారి నింపితే చాలు, ఊరెళ్లినా టెన్షన్ ఉండదు. మూత మరిస్తే దోమలు గుడ్లు పెడతాయి.

కూలర్ తొట్టి వారానికోసారి ఖాళీ చేస్తాం కదా, ఆ నీళ్లు వేపకు, కానుగకు పోయొచ్చు. బోరు నీళ్లు కూలర్‌లో ఆవిరవుతున్న కొద్దీ ఉప్పు మిగిలి చిక్కబడుతుంది కాబట్టి కుండీలకు, కరివేపాకుకు మాత్రం వద్దు. ఒకే చెట్టుకు కాకుండా మార్చి మార్చి పోయండి, వానాకాలం ఆ ఉప్పును కడిగేస్తుంది.

వేశాక చూసుకోవాల్సినవి

కలుపు రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. తుంగ గుడ్డను పొడుచుకుని కూడా వస్తుంది. వయ్యారిభామ గాలికి గింజ పడి పైనుంచి మొలుస్తుంది, పువ్వు రాకముందే, చేతికి గ్లౌజులు వేసుకుని పీకాలి, చాలామందికి అది దురద, ఉబ్బసం తెస్తుంది. వాన పడ్డ మర్నాడు వేళ్లతో సహా సులువుగా ఊడొస్తుంది. ఉప్పు, ఆసిడ్ చల్లి చంపాలని చూడకండి, వాన నీళ్లతో అది మీ చెట్ల వేళ్లకే చేరుతుంది.

రాలిన ఆకుల్ని వారానికోసారి ఇనుప పళ్ల దంతెతో పైపైన లాగండి. వేప ఆకు రాల్చే ఫిబ్రవరి, మార్చిలో రెండు మూడు రోజులకోసారి లాగాలి. కంకర సందుల్లోకి దిగిన ఆకు కుళ్లి మట్టవుతుంది, కలుపు మొలిచేది ఆ మట్టిలోనే.

రాళ్ల గుట్టలు గడపకు, పడక గది కిటికీలకు దూరంగా ఉండాలి. వేసవిలో తేళ్లు చల్లదనం కోసం రాళ్ల కింద చేరతాయి. పెద్ద రాయి కింద సందు లేకుండా మట్టి కూరడం, దారి పొడవునా చిన్న లైట్లు, రాళ్లు కదిపేటప్పుడు చేత్తో కాకుండా గడ్డపారతో తిప్పడం, ఈ మూడూ అలవాటు చేసుకోండి.

ప్రతి వానాకాలం తర్వాత వాగు చివరికి కొట్టుకొచ్చిన కంకరను తిరిగి పైకి చేర్చాలి. రెండు మూడేళ్లకోసారి పల్చబడ్డ చోట్ల కొత్త కంకర కలపాల్సి వస్తుంది. క్రషర్‌లో ఒక లోడు రంగు ఇంకో లోడుకు కలవదు కాబట్టి, మొదట తెప్పించిన దాంట్లోంచే పది బస్తాలు నింపి మేడ మెట్ల కింద దాచి పెట్టుకోండి.